ముప్పాతిక నరికి ఆపాలి

హెడ్జ్ లేయింగ్‌లో, అంటే పొలం చుట్టూ కంచెగా పెరిగిన చెట్లను మొదట్లో నరికి, వంచి, మళ్లీ కంచెగా అల్లే పనిలో, నరకడం కష్టం కాదు, ఆపడం కష్టం. మణికట్టు మందమున్న కాండాన్ని నేలకు దగ్గరగా, ఏటవాలుగా కిందికి నరుక్కుంటూ పోవాలి. ముప్పాతిక వంతుకు పైనే తెగాలి. మిగిలేది బెరడు, దాని వెనక కాస్త పచ్చి చెక్క, అంతే. ఆ పట్టీని ఆధారం చేసుకుని పది పన్నెండు అడుగుల చెట్టు మెల్లగా పక్కకు ఒరగాలి. ఒరిగి, చావకుండా, వచ్చే వసంతానికి మళ్లీ చిగురించాలి. ఒక దెబ్బ ఎక్కువైతే చేతికి వచ్చేది వంటచెరకు. ఒక దెబ్బ తక్కువైతే వంగదు, బలవంతాన వంచబోతే నిలువునా చీలుతుంది.

నేనుండేది ఇంగ్లండు నడిమధ్య, లెస్టర్‌షైర్‌లో. ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం. ఇక్కడ డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. చీకట్లో పనికి వెళ్లి చీకట్లో ఇంటికి వచ్చే మనిషికి శని, ఆదివారాలు కూడా నాలుగు గోడల మధ్యే గడిస్తే పిచ్చెక్కుతుంది. ఊరి గ్రంథాలయంలో గోడకు అంటించిన కాగితం చూసి పేరిచ్చాను. పొలం గట్ల మీద ముదిరిపోయిన ముళ్ల కంచెలను వంచి, అల్లి, మళ్లీ కంచెగా నిలబెడతారట. రావాలనుకున్నవాళ్లు గట్టి బూట్లు, తోలు చేతొడుగులు, చిరిగినా బాధపడని కోటు తెచ్చుకోవాలట. కోటు సంగతి అంత ప్రత్యేకంగా ఎందుకు రాశారో కంచెలోకి చేయి పెట్టిన గంటలోనే తెలిసింది.

ఈ ప్రాంతంలో పొలానికి కంచె అంటే తీగె కాదు, చెట్టు. ముఖ్యంగా హాథార్న్ అనే ముళ్లచెట్టు. మే నెలలో తెల్లటి పూలు పూస్తుంది, చలి మొదలయ్యేసరికి ఎర్రటి చిన్న కాయలు కాస్తుంది. దానికి తోడు బ్లాక్‌థార్న్, హేజెల్, ఫీల్డ్ మేపుల్, అడవి గులాబీ అక్కడక్కడా ఉంటాయి. పట్టించుకోకుండా వదిలేస్తే ఇవన్నీ పైకే పోతాయి. కొన్నేళ్లకు కొమ్మలన్నీ తల దగ్గరికి చేరి, కింద బోసి కాండాలు మిగులుతాయి, వాటి సందుల్లోంచి గొర్రెపిల్లలు నడిచి వెళ్లిపోతాయి. పోనీ ట్రాక్టరుకు తగిలించిన యంత్రంతో ఏటా ఒకే ఎత్తున కొట్టేస్తే ఇంకో జబ్బు వస్తుంది. కొట్టిన చోట కాండాలు ముడి కట్టుకుపోతాయి, కింద చిగురు రావడం ఆగిపోతుంది. మాకు అప్పగించిన కంచెకు రెండు జబ్బులూ ఉన్నాయి.

మందు ఒక్కటే. కాండాన్ని మొదట్లో కోసి పడుకోబెట్టాలి. పైకి పోయే జోరు తగ్గాక మోడు దగ్గర పిలకలు వేస్తుంది. నిజానికి రేపటి కంచె ఆ పిలకలే. మనం వంచి పడుకోబెట్టిన చెట్టు, అవి ఎదిగి పశువును ఆపే స్థితికి వచ్చేదాకా కాపలా కాస్తుంది. ఒకసారి ఇలా చేసి, ఆపైన తిన్నగా కత్తిరించుకుంటూ వస్తే పదిహేను, ఇరవై ఏళ్లు చూసుకోనక్కర్లేదు, బాగా సాకితే ఇంకా ఎక్కువ. అందుకని ఈ పని చేసేవాడు జీవితంలో ఒకే కంచెను రెండుసార్లు వంచడం అరుదు. ఈ సంగతి మాకు నేర్పిన పెద్దాయనే చెప్పారు. డెబ్బై దాటిన రైతు. మాట తక్కువ, మెచ్చుకోలు ఇంకా తక్కువ. బాగా కుదిరిందనిపిస్తే 'ఇది పశువును ఆపుతుంది' అంటారు. ఆయన నోట అంతకు మించిన పొగడ్త నేను వినలేదు.

ఈ పనికి కాలం శీతాకాలమే. ఆకు రాలాక మొదలుపెట్టి చిగురు వేయకముందే ముగించాలి, అంటే అక్టోబరు నుంచి మార్చి లోపల. చెట్టు నిద్రలో ఉంటుంది, పక్షులు గూళ్లు పెట్టవు. ఇంగ్లండులో 2024లో వచ్చిన నిబంధనలు సాగుభూముల్లోని కంచెలను మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా యంత్రంతో కొట్టేయడాన్ని నిషేధించాయి. కంచె నడిమి గీత నుంచి రెండు మీటర్ల మేర దున్నకూడదు, పురుగుమందు చల్లకూడదు.

మొదట చాలాసేపు మేము ఒక్క కొమ్మనూ వంచలేదు. శుభ్రం చేయడంతోనే సరిపోయింది. ఈ పనిలో సగానికి సగం ఇదేనని ఎవరూ ముందు చెప్పరు, చెబితే రారేమో. కంచెలో అల్లుకుపోయిన బ్రాంబుల్ తీగలను లాగాలి. అది బ్లాక్‌బెర్రీ జాతి, తీగంతా వెనక్కి తిరిగిన ముళ్లు, పట్టుకున్న చేతిని వదలదు. ఎల్డర్ చెట్లను వేళ్లతో సహా తీసెయ్యాలి, అవి గబగబా పెరిగి పక్కవాటిని తొక్కేస్తాయి, పైగా వంచడానికి పనికిరావు. ఎండిన పుల్లలు, కుళ్లిన పాత గుంజలు, దాణా సంచీల ముక్కలు ఏరాలి. అన్నిటికన్నా చిరాకు పాత ముళ్లతీగె. అరవైల్లోనో డెబ్బైల్లోనో ఎవరో చెట్టుకే మేకు కొట్టి తీగె లాగారు. చెట్టు లావెక్కుతూ ఆ తీగెను మింగేసింది. బెరడులోకి ఒక వైపు దూరి మరో వైపు బయటికి వచ్చిన తుప్పు తీగెను కట్టరుతో ముక్కలు ముక్కలుగా కోసి తీశాం. అది చూసుకోకుండా కత్తి వేస్తే అంచు పోయినట్టే.

శుభ్రం అవుతుంటే మరొకటి బయటపడింది. తొడంత లావున్న ఒక కాండం నేలకు సమాంతరంగా గజం దూరం పాకి, దాని వీపు మీది నుంచి మూడు చెట్లు నిటారుగా లేచి ఉన్నాయి. పెద్దాయన బూటు కాలితో దాని మొదట్లో నాచు గీకి చూపించారు. పాత కోత మచ్చ. ఇంతకు ముందు దీన్ని వంచిన మనిషి వేసిన కోత అది. ఎవరో, ఎప్పుడో. కోత చాలా కిందికి, చాలా నున్నగా ఉంది. 'పని తెలిసినవాడు' అన్నారు పెద్దాయన. దాన్ని వంచాల్సిన చోటు అయినా కాసేపు ఎవరూ కత్తి ఎత్తలేదు.

పనిముట్టు పేరు బిల్‌హుక్. నా చేతికిచ్చినదానికి ఒక వైపు వంకీ తిరిగిన అంచు, వెనక వైపు సూటి అంచు. మన వేటకొడవలికి దగ్గరి చుట్టం, పిడి మాత్రం పొట్టి. ఫోటో తీసి పంపితే మా ఊరివాళ్ల వాట్సాప్ గుంపులో ఎవరి మీద పగ అని అడిగారు. సన్న కాండాలకు బిల్‌హుక్, లావువాటికి గొడ్డలి. వృత్తిగా చేసేవాళ్లు ఇప్పుడు ఎక్కువగా మోటారు రంపం వాడతారు, దానికి శిక్షణ ఉండాలి కాబట్టి మాకు ఇవ్వలేదు. సానరాయి మాత్రం అందరి జేబులోనూ ఉండాల్సిందే. మొద్దు కత్తి చెక్కను కోయదు, నలుపుతుంది. నలిగిన చోట నీరు నిలిచి కుళ్లుతుంది.

ఏ కాండాన్ని ఉంచాలి, దేన్ని తీసెయ్యాలి అన్నది అసలు విద్య. పక్కపక్కనే అయిదారు కాండాలుంటాయి. అన్నీ వంచితే కింద వెలుతురు పడదు, పిలకలు రావు. తక్కువ వంచితే సందు మిగులుతుంది. వంకర లేనిదీ, కొమ్మలు బాగా ఉన్నదీ, వరసలో ఉన్నదీ చూసి ఉంచుతారు. నేను ఏపుగా ఉన్నవన్నీ ఉంచుదామంటే పెద్దాయన ఒప్పుకోలేదు. ఒక చక్కటి మేపుల్ కాండాన్ని చూపించి 'దీని పక్కన ఉన్నది వంగి దీని చోటికే వస్తుంది, ఇది పోవాలి' అన్నారు. అంటే ఇప్పుడు కనిపిస్తున్న కంచెను కాదు, అన్నీ పడుకున్నాక ఉండబోయే కంచెను ముందే కళ్ల ముందు పెట్టుకోవాలి. నాకది చివరిదాకా పూర్తిగా పట్టుబడలేదు. గంటసేపు చూసి ఒకటి ఎంచుకుంటే ఆయన వచ్చి రెండు క్షణాల్లో వేరేది చూపించేవారు.

ఇక కోత. కాండం మందానికి మూడు నాలుగు రెట్ల ఎత్తున మొదలుపెట్టి, నేల వైపు ఏటవాలుగా దెబ్బ మీద దెబ్బ వేస్తూ రావాలి. పొడవాటి నాలుకలా చెక్క లేస్తుంది. మధ్య మధ్యలో ఆపి, ఎడమచేత్తో కాండాన్ని కొద్దిగా కదిపి చూడాలి. మొదట్లో గోడలా ఉంటుంది. తరువాత ఒక దెబ్బకు లోపల ఏదో సడలినట్టు తెలుస్తుంది, కిర్రుమని సన్నటి చప్పుడు. అక్కడ కత్తి పక్కన పెట్టేయాలి. రెండు చేతులా పట్టుకుని, లాగకుండా, దాని బరువుతో అదే దిగేలా వరస మీదికి ఒరగనివ్వాలి. నేలకు అంటేలా పడుకోబెట్టకూడదు, 35 డిగ్రీలకు అటూ ఇటూగా వాలి ఉండాలి. వాలు నేల అయితే చెట్టు తల ఎప్పుడూ ఎగువకే ఉండాలి. ఇలా ఒరిగినదాన్ని ప్లీచర్ అంటారు. కోసిన చోట పచ్చి చెక్క తెల్లగా మెరుస్తుంది. మిగిలిన బెరడు పట్టీని చూస్తే, ఇంత పెద్ద చెట్టు దీని మీద బతుకుతుందా అని ఎవరికైనా అనుమానమే. నీరు పైకెక్కేది బెరడును ఆనుకుని ఉన్న లేత చెక్కలోంచి, కాండం నడిమిలోంచి కాదు. ఆ కాస్త మిగిలితే చాలు. ఆ తరువాత మోడు మీద నిలిచిన మొనను నీరు జారిపోయేలా ఏటవాలుగా చెక్కేయాలి. పిలకలు అక్కడి నుంచే వస్తాయి కాబట్టి కొత్తవాళ్లు అశ్రద్ధ చేసే ఈ చిన్న పని మీద ఆయన చూపు ఎక్కువ.

బ్రిటన్ అంతటా ముప్పైకి పైగా పద్ధతులున్నాయంటారు. డెవాన్‌లో మట్టికట్టల మీద వంచుతారు, వేల్స్‌లో గొర్రెల కోసం ఒత్తుగా అల్లుతారు. మేము నేర్చింది మిడ్‌లాండ్ పద్ధతి, దీన్నే బుల్లక్ పద్ధతి అనీ అంటారు. ఈ పచ్చిక భూముల్లో బలిసిన కోడెలు కంచెకు ఒళ్లు రుద్దుతాయి, ఒరుగుతాయి. అందుకని కొమ్మల గుబురంతా పశువుల వైపు, గుంజలు వెనక వైపు. మనకు కంచే చేను మేసిందన్న సామెత ఉంది. ఇక్కడి రైతు భయం వేరు, చేలోని పశువు కంచెను మేస్తుందని. గుబురును వాటి ముఖానికి అడ్డం పెడితే లోపలి లేత పిలకలు వాటి నోటికి అందవు.

గుంజలు హేజెల్‌వి. కొయ్య సుత్తితో నేలలోకి దిగగొట్టాలి. ఒక్కొక్కదానికి మధ్య ఎంత ఎడం ఉండాలని అడిగితే పెద్దాయన టేపు తీయలేదు. గుంజకు మోచేయి ఆనించి, వేళ్లు చాచి, వేలి కొస దగ్గర రెండోది పెట్టారు. పద్దెనిమిది అంగుళాలు. మనం పూలు కొనే మూర. నా మూరకూ ఆయన మూరకూ తేడా వచ్చి, నా గుంజలు కాస్త దగ్గర దగ్గరగా పడ్డాయి. దానికి ఆయన ఏమీ అనలేదు, పశువుకు అభ్యంతరం ఉండదన్నారు. గుంజల వరస అయ్యాక, ఎనిమిది పది అడుగుల సన్నటి హేజెల్ బెత్తాలను గుంజల తలల మీదుగా ఒకదాని చుట్టూ ఒకటి పేనుకుంటూ పోవాలి. అప్పటిదాకా చెల్లాచెదురుగా కనిపించినదంతా ఈ పేనడంతో బిగుస్తుంది. గుంజల కొసలను ఒకే ఎత్తున రంపంతో కోసేశాక దూరం నుంచి చూస్తే గీత గీసినట్టు ఉంటుంది. చేసింది నేనేనా అనిపించిన చోటు అదొక్కటే.

పని తెలిసిన కూలీ ఒక రోజులో ఒక చెయిను కంచె వంచేవాడని ఇక్కడ చెప్పుకుంటారు. చెయినంటే 22 గజాలు, అంటే క్రికెట్ పిచ్ పొడవు. మేము గుంపుగా చేసినా చీకటి పడేలోపు పిచ్ సగానికి చేరితే గొప్ప.

బ్లాక్‌థార్న్ గురించి విడిగా చెప్పాలి. దాని ముల్లు పొడవు, నలుపు, గట్టి. తోలు చేతొడుగును సులువుగా దాటుతుంది. గుచ్చుకున్నాక కొస లోపల విరిగిపోవడం దాని ప్రత్యేకత. కీలు దగ్గర మిగిలిపోతే వేలు వాచి వారాల తరబడి వంగదు, కొన్నిసార్లు శస్త్రచికిత్స దాకా పోతుంది. మాతో పనిచేసే ఒకాయన అరచేతిలో కొస ఇరుక్కుంటే ప్రథమ చికిత్స పెట్టెలోని పట్టకారుకు అందలేదు. నా గాజుకు తగిలించిన పిన్నీసు తీసి, లైటరుతో కాల్చి, చిన్నప్పుడు తుమ్మముల్లు తీసినట్టే పైచర్మం విప్పి తీశాను. అప్పటి నుంచి గుంపులో నా హోదా పెరిగింది. కత్తి పట్టడం రాకపోయినా పిన్నీసు ఉన్న మనిషినని.

టీ తాగే వేళల్లో పెద్దాయన కాస్త మాట్లాడేవారు. ఆ పొలం నేల చదునుగా ఉండదు, మెట్టపల్లాలుగా అలలు అలలుగా ఉంటుంది. మధ్యయుగాల్లో ఊరివాళ్లు పట్టీలు పట్టీలుగా పంచుకుని దున్నిన చాళ్ల గుర్తులవి. మా కంచె ఆ అలలను అడ్డంగా కోసుకుంటూ సూటిగా పోతుంది. అంటే చాళ్లు ముందు, కంచె తరువాత. 1604 నుంచి 1914 దాకా బ్రిటిష్ పార్లమెంటు 5,200కు పైగా చట్టాలు చేసి 68 లక్షల ఎకరాల ఉమ్మడి భూములను, బంజర్లను ప్రైవేటు కమతాలుగా కట్టేసింది. ఎవరి హద్దు వాళ్లు చూపించుకోవడానికి హాథార్న్ మొక్కలు మైళ్లకు మైళ్లు నాటారు. ఆవును మేపుకునే హక్కు పోయిన పేదలు పట్నాల మిల్లులకు పోయారు. ఈరోజు మనం ఇంత ముద్దుగా చూసుకుంటున్న కంచె ఒకప్పుడు ఊరి నోటి ముందు కూడు లాక్కున్న కంచె అని ఆయన మామూలుగా, వాతావరణం గురించి చెప్పినట్టే చెప్పారు.

అప్పుడు నేను ఆయనకు మన ఉప్పు కంచె సంగతి చెప్పాను. ఉప్పు దొంగరవాణాను ఆపి పన్ను రాబట్టడానికి బ్రిటిష్‌వాళ్లు ఉత్తర, మధ్య భారతం మీదుగా వందల మైళ్ల పొడవున తుమ్మ, రేగు, వాక్కాయ, నాగజెముడు పెంచి కంచె వేశారు, వేల మందిని కాపలా పెట్టారు. 1879లో ఆ సుంకపు గీతను ఎత్తేశారు. కొంతకాలం ఆ శాఖకు అధికారిగా ఉండి దాన్ని బలపరచిన ఏ.ఓ. హ్యూమ్, 1885లో కాంగ్రెస్ పుట్టుకకు కారకుడైన హ్యూమ్ ఒకడే. పెద్దాయనకు హ్యూమ్ మీద ఆసక్తి కలగలేదు. నాగజెముడు వంచితే వంగుతుందా అని అడిగారు.

రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఇక్కడ తిండిగింజల కరువు భయంతో పెద్ద పెద్ద కమతాలు, పెద్ద యంత్రాలు వచ్చాయి. కంచెలు పీకడానికి ప్రభుత్వమే డబ్బిచ్చింది. ఉన్నవాటిలో దాదాపు సగం పోయాయి. ఇప్పుడు అదే ప్రభుత్వం కంచె వంచితే మీటరుకు ఇంతని సాయం ఇస్తోంది. 1997 నుంచి పాత కంచెను పీకాలంటే స్థానిక అధికారులకు ముందే తెలియజేయాలి. ఈ విద్య పోకుండా చూడటానికి 1978లో జాతీయ హెడ్జ్ లేయింగ్ సంఘం ఏర్పడింది. దానికి పోషకుడైన చార్లెస్ రాజు స్వయంగా కంచెలు వంచుతాడు. ఏటా పోటీలు పెడతారు, నాకు చూసే వీలు ఇంకా కుదరలేదు.

మే నెలలో ఒక ఆదివారం వెళ్లి, అక్కడి నుంచే వినుకొండ దగ్గర మా ఊళ్లో ఉన్న నాన్నకు వీడియో ఫోను చేశాను. పడుకోబెట్టిన కాండాలన్నీ ఆకు వేశాయి. మోళ్ల దగ్గర జానెడేసి పిలకలు, ఎర్రటి లేత ముళ్లతో. గొర్రెలు వాటిని కొరక్కుండా రైతు గజం ఎడంగా తీగె లాగాడు. ఫోను దాని వైపు తిప్పగానే నాన్న పట్టుకున్నారు.

'అదేమిటమ్మాయ్, కంచెకు కంచె వేశారా?'

'నాలుగేళ్లే నాన్నా. ఎదిగాక తీసేస్తారు.'

'ఆ తీగెతోనే సరిపెట్టుకోవచ్చుగా! నాలుగు రాతి కడీలు పాతి మూడు వరసలు లాగితే పని అయిపోయేది. చలికాలమంతా దీనికా పోయావు?'

మా మిరపచేనికి చిన్నప్పుడు తుమ్మకంప దడి ఉండేది. వానలకు ముందు కంప నరికి, గట్టు మీద పరిచి, రాళ్లు ఎత్తేవారు. ఏడాది తిరిగేసరికి చెదలు తినేది, మళ్లీ నరికేవారు. ఆ మాట గుర్తు చేశాను. ఇది ఎండినది కాదు, పచ్చిది, చెద పట్టదు, ఇరవై ఏళ్లు ఉంటుందని చెప్పాను. కంచె పక్కన రెండు మీటర్లు దున్నకుండా వదలాలన్న నిబంధన చెబితే నవ్వారు. మన గట్టు మీద రెండు మీటర్లు వదిలితే పక్కవాడు దున్నేస్తాడన్నారు.

ఫోను కోత దగ్గరికి తీసుకువెళ్లి చూపించమన్నారు. చూపించాను. ఇంకా దగ్గరికి పెట్టమన్నారు. అరచేయి మందాన ఉన్న మేపుల్ కాండం, మొదట్లో నా కోత, దాన్ని కలిపి ఉంచిన వేలెడు బెరడు, అవతల పచ్చటి ఆకులు. నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. సిగ్నలు పోయిందేమోనని పిలిచాను.

'ఉన్నానమ్మా' అన్నారు. 'తుమ్మకు ఇది కుదరదు, విరుగుతుంది. బావి దగ్గర మీ తాత వేసిన సీమచింత వరస ఉంది చూడు, అది చీకు పట్టలేదు, కానీ కింద అంతా సందులే, మేకలు దూరుతున్నాయి. ఆ కత్తి ఏ వాలున వెయ్యాలన్నావు?'

వచ్చేటప్పుడు ఆ బిల్‌హుక్ ఒకటి తేగలనా అని కూడా అడిగారు. సామాను పెట్టెలో వేసుకుని తేవచ్చేమో కనుక్కుంటానని, ఈలోపు మచ్చుకత్తితో ఒక్క కొమ్మ మీదే ప్రయత్నించమని, వరసంతా మొదలుపెట్టొద్దని చెప్పాను.